సైన్యంలో చేరాలా, వద్దా? తిరుపతి, చిత్తూరు యువతకు సమగ్ర మార్గదర్శి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌కి తెల్లవారుజామున వెళ్తే కొత్త ముఖాలు కనిపిస్తాయి. ఎవరిని కదిపినా "ఆర్మీకి ప్రిపేర్ అవుతున్నా అన్నా" అంటారు. ఎలా చేరాలో చెప్పే వీడియోలు బోలెడు, నేర్పే అకాడమీలు వీధికొకటి. అసలు చేరాలా వద్దా అని కూర్చోబెట్టి మాట్లాడేవాళ్లే తక్కువ. ఈ వ్యాసం ఆ పని కోసం. పదో తరగతి నుంచి డిగ్రీ దాకా చదువుతున్న పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు కలిసి చదివితే ఇంకా మంచిది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దేశభక్తి ఉందా లేదా అన్నది ఇక్కడ పెద్ద ప్రశ్న కాదు, అది చాలామందికి ఉంటుంది. ఇప్పటి భర్తీ పద్ధతి ప్రకారం నాలుగేళ్ల తర్వాత ఇంటికి పంపించేసినా ఈ నిర్ణయం మంచిదే అనిపిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. కింద ఉన్న అడుగులన్నీ దానికి జవాబు వెతుక్కోవడానికే.

1. మీరు అంటున్న 'మిలిటరీ' ఏది?

మన పల్లెల్లో యూనిఫాం వేసుకుని ఉత్తరాదికి వెళ్లిన ప్రతివాడూ 'మిలిటరీ ఆయనే'. సీఆర్పీఎఫ్‌లో ఉన్నా, బీఎస్ఎఫ్‌లో ఉన్నా, నేవీలో ఉన్నా పిలుపు ఒకటే. ఉద్యోగ షరతులు మాత్రం పూర్తిగా వేరు.

ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్ రక్షణ శాఖ కింద ఉంటాయి. వీటిలోకి రెండు ద్వారాలు: అగ్నివీర్‌గా జవాను స్థాయిలో నాలుగేళ్లకు చేరడం ఒకటి, ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) లాంటి పరీక్షలతో ఆఫీసర్‌గా చేరడం ఇంకొకటి. సీఆర్పీఎఫ్, బీఎస్ఎఫ్, సీఐఎస్ఎఫ్, ఐటీబీపీ, ఎస్ఎస్‌బీ (సశస్త్ర సీమా బల్) హోం శాఖ కింద ఉండే కేంద్ర సాయుధ పోలీసు బలగాలు. వీటిలో కానిస్టేబుల్ ఉద్యోగాలు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ) జీడీ (జనరల్ డ్యూటీ) పరీక్ష ద్వారా వస్తాయి. అక్కడ నాలుగేళ్ల గడువు లేదు, రిటైర్మెంట్ వయసు దాకా ఉద్యోగం ఉంటుంది. మీకు కావాల్సింది యూనిఫాంతో పాటు స్థిరమైన ఉద్యోగమే అయితే ఆ దారిని రెండో ఆప్షన్‌లా చూడకండి. చాలా ఇళ్లకు అదే సరైన మొదటి ఆప్షన్.

2. మీ మామ చేసిన ఉద్యోగం ఇప్పుడు లేదు

ఇంట్లో సలహా చెప్పే పెద్దాయన బహుశా 2000కు అటూ ఇటూగా చేరి ఉంటారు. పదిహేను, పదిహేడేళ్లు చేసి, నలభై లోపే పెన్షన్‌తో ఇంటికొచ్చి, ఎక్స్ సర్వీస్‌మన్ కోటాలో బ్యాంకులో ఇంకో ఉద్యోగం కూడా తెచ్చుకుని ఉంటారు. ఆయన చెప్పేది అబద్ధం కాదు. అయితే 2022 జూన్ 14న కేంద్రం అగ్నిపథ్ పథకం (ఇందులో చేరేవాళ్లే అగ్నివీర్లు) ప్రకటించాక జవాన్ల భర్తీ పద్ధతే మారిపోయింది. ఇప్పుడు చేరే కుర్రాడికి వర్తించేవి ఇవి:

ట్రైనింగ్‌తో కలిపి సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం దాకా రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకుంటారు. అలా ఎంపికైనవాళ్లు కనీసం ఇంకో పదిహేనేళ్లు చేస్తారు, పెన్షన్ వస్తుంది. మిగిలినవాళ్లు ఇంటికి వస్తారు. వాళ్లకు పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఎక్స్ సర్వీస్‌మన్ హోదా లేదు. క్యాంటీన్ కార్డు చూసి ముచ్చటపడే ఇళ్లలో ఈ ఒక్క మాట ముందే చెప్పడం మంచిది.

డబ్బు విషయానికి వద్దాం. పథకం ప్రకటించినప్పటి లెక్క ప్రకారం మొదటి ఏడాది నెలకు రూ.30,000, రెండో ఏడాది 33,000, మూడో ఏడాది 36,500, నాలుగో ఏడాది 40,000. ఇందులో 30 శాతం సేవా నిధిలోకి వెళ్తుంది కాబట్టి చేతికొచ్చేది వరుసగా 21,000, 23,100, 25,550, 28,000. పోస్టింగ్‌ను బట్టి రిస్క్, హార్డ్‌షిప్ లాంటి అలవెన్సులు అదనం. కట్ అయిన మొత్తం నాలుగేళ్లలో సుమారు రూ.5.02 లక్షలు అవుతుంది. ప్రభుత్వం అంతే కలుపుతుంది. వడ్డీతో కలిపి బయటికొచ్చేటప్పుడు సుమారు రూ.11.71 లక్షలు, దానిపై ఆదాయపు పన్ను లేదు.

చేతికొచ్చే జీతం నాలుగేళ్లకు కూడితే అది కూడా దాదాపు 11.7 లక్షలే. తిండి, వసతి, బట్టలు, వైద్యం ఖర్చు లేదు కాబట్టి జాగ్రత్తగా ఉండే కుర్రాడు ఇందులో మంచి భాగం మిగుల్చుకోగలడు. ఇరవై రెండేళ్లకు అంత డబ్బు చేతిలో ఉండటం మన వైపు మామూలు విషయం కాదు. శ్రీసిటీలోనో, రేణిగుంట ఎలక్ట్రానిక్స్ కంపెనీల్లోనో పనిచేస్తున్న మీ ఊరి కుర్రాణ్ణి కూర్చోబెట్టి రూమ్ రెంట్, మెస్ బిల్లు పోగా ఎంత మిగులుతోందో అడగండి. పక్కపక్కన రాసుకుంటే విషయం తేటతెల్లమవుతుంది.

మధ్యలో నచ్చక వచ్చేస్తానంటే మామూలుగా కుదరదు. చాలా ప్రత్యేకమైన కారణాలుంటేనే, అదీ పై అధికారుల అనుమతితోనే వదులుతారు. అప్పుడు మీరు కట్టిన వాటా, దాని వడ్డీ మాత్రమే వస్తాయి, ప్రభుత్వం వాటా రాదు. సెలవులు ఏడాదికి 30 రోజులు. రెగ్యులర్ జవాన్లకు ఉన్నంత కాదు.

3. నాలుగేళ్ల తర్వాతి పేజీ ముందు రాయండి

పలమనేరు వైపు ఒక ఇంట్లో రిటైర్డ్ హవల్దార్‌కీ, ఆయన అన్న కొడుక్కీ మధ్య జరిగిన మాటలు ఇవి:

"చిన్నాయనా, నేను గూడా అగ్నివీర్‌కి పెట్టుకుంటా."

"పెట్టుకోరా. నాలుగేండ్లయినాక?"

"పర్మనెంట్ అయితా."

"కాకుంటే?"

"... అయితా చిన్నాయనా."

"అది కాదురా నేనడిగింది. కాకుంటే ఏం జేస్తావు?"

పిల్లోడి దగ్గర జవాబు లేదు. నాకు తెలిసి పదిమందిలో తొమ్మిదిమంది దగ్గర ఉండదు. 'నేను ఆ 25 శాతంలో ఉంటా' అనుకోవడం తప్పు కాదు, ఆ పట్టుదల ఉండాలి కూడా. కానీ ప్లాన్ మొత్తం దాని మీదే వేసుకోకూడదు. నలుగురిలో ముగ్గురు తిరిగొచ్చేలా తయారైన పథకం ఇది.

కాబట్టి ఒక నోట్‌బుక్ తీసుకోండి. ఎడమ పేజీలో 'ఉంచుకుంటే' అని, కుడి పేజీలో 'పంపిస్తే' అని రాయండి. ఎడమ పేజీ త్వరగా నిండుతుంది. కుడి పేజీ నింపడానికే టైం పట్టాలి. అందులో రాయాల్సినవి కొన్ని:

బయటికొచ్చేసరికి వయసెంత? పద్దెనిమిదికి చేరితే ఇరవై రెండు, ఇరవై ఒకటికి చేరితే ఇరవై ఐదు. ఈ మూడేళ్ల తేడా చాలా పెద్దది. ఇరవై రెండులో వచ్చినవాడికి కేంద్ర బలగాల పరీక్షలు, రాష్ట్ర పోలీసు, రైల్వే అన్నీ అందుబాటులోనే ఉంటాయి. కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీర్లకు 10 శాతం రిజర్వేషన్, మూడేళ్ల వయసు సడలింపు ప్రకటించారు. మొదటి బ్యాచ్‌కైతే ఐదేళ్లు. అయినా అవి పోటీ పరీక్షలే, ఇంటికి తెచ్చిచ్చే ఉద్యోగాలు కావు.

చదువు ఎక్కడ ఆగుతుంది? పదితో చేరినవాళ్లకు నాలుగేళ్ల తర్వాత పన్నెండో తరగతికి సమానమైన సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. ఇంటర్ అయినవాళ్లకు ఇగ్నో ద్వారా డిగ్రీ చేసే అవకాశం ఉంది, ట్రైనింగ్‌లో నేర్చుకున్న పనికి సగం క్రెడిట్లు ఇస్తారు. దాన్ని వాడుకునే ఓపిక, డ్యూటీ తర్వాత పుస్తకం తెరిచే అలవాటు మీకు ఉందా? ఇప్పుడే లేకపోతే సియాచిన్ దగ్గర కొత్తగా పుట్టదు.

ఏ పని నేర్చుకుని వస్తారు? టెక్నికల్ ట్రేడ్‌లో చేరినవాడికి బయట చెప్పుకోవడానికి ఒక పని ఉంటుంది. జనరల్ డ్యూటీలో చేరినవాడికి క్రమశిక్షణ, శరీరం, ధైర్యం ఉంటాయి. బయట మార్కెట్లో వీటి విలువ వేరువేరు. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండి మార్కులు సరిపోతే జీడీ కన్నా టెక్నికల్ వైపు చూడమనే నేను చెబుతాను. 'జీడీలో పోస్టులు ఎక్కువ అన్నా' అన్నది గ్రౌండ్‌లో అందరూ చెప్పే మాట. మీ నాలుగేళ్ల తర్వాత సంగతి దాంతో తేలదు.

ఆ పదకొండు లక్షలు ఏం చేస్తారు? ఇంటి అప్పు, చెల్లెలి పెళ్లి, బోరు, బైక్: ఇవి ముందే రాసి పెట్టుకోండి. రాయకపోతే డబ్బు వచ్చిన నెలలో చుట్టాలే రాసేస్తారు.

కుడి పేజీ నిండాక మళ్లీ చదవండి. అలా జరిగినా ఫర్వాలేదు, నష్టమేమీ లేదు అనిపిస్తే మీరు అర్హత పరీక్షల సంగతి చూసుకోవచ్చు. గుండె జారిపోతే ఈ ఏడాదికి ఆగి డిగ్రీలో చేరడమే తెలివైన పని.

4. అకాడమీకి ఫీజు కట్టే ముందు ఒంటిని చూపించుకోండి

మన దగ్గర జరిగేది తలకిందులుగా ఉంటుంది. ముందు అకాడమీలో చేరతారు, ఆర్నెల్లు పరిగెడతారు, రాతపరీక్ష పాసవుతారు, ర్యాలీలో (పరుగు, పుల్ అప్స్ లాంటి పరీక్షల్లో) నెగ్గుతారు, చివర్న మెడికల్‌లో ఇంటికొస్తారు. మెడికల్‌లో పోయే కారణాల్లో చాలావాటిని మొదటి వారంలోనే తెలుసుకోవచ్చు.

ఎత్తు ముందు చూసుకోండి. మన ప్రాంతానికి జీడీకి 166 సెంటీమీటర్లు, ఛాతీ 77, గాలి పీలిస్తే ఇంకో 5 పెరగాలి. క్లర్క్ పోస్టుకు ఎత్తు 162 చాలు. గోడకు గీత గీసి స్నేహితుడు కొలిచిన ఎత్తును నమ్మకండి. పొద్దున ఉన్నంత ఎత్తు సాయంత్రానికి ఉండదు, సరిగ్గా గీత మీద ఉన్నవాళ్లకు అదే టెన్షన్.

పాదాలు తడి చేసి నాపరాయి మీద నిలబడండి. పాదం ముద్ర మధ్యలో ఒంపు లేకుండా నిండుగా పడితే ఫ్లాట్ ఫుట్ అనుమానించాలి. మడమలు కలిపి నిలబడితే మోకాళ్లు ముందే తగిలిపోతున్నాయా చూడండి. కంటి డాక్టర్ దగ్గర రంగుల చుక్కల పుస్తకం చూపించమనండి. వర్ణాంధత్వం ఉన్న చాలామందికి ఆ సంగతి ఇరవై ఏళ్లొచ్చినా తెలియదు, దానికి వైద్యం కూడా లేదు. చెవిలో గులిమి, పుచ్చిన పళ్లు, ముక్కులో ఎముక వంకర, హైడ్రోసీల్ (వృషణాల చుట్టూ నీరు చేరడం), వెరికోసీల్ (వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బడం) లాంటివి చాలావరకు చికిత్సతో సరిచేయించుకోదగ్గవి. అయితే ర్యాలీకి ముందు రోజు కాదు, నెలల ముందు. రుయా లాంటి ప్రభుత్వాసుపత్రి ఓపీలో ఒక పూట గడిపితే వీటిలో చాలావరకు తేలిపోతాయి. వెరికోసీల్ సంగతి ఇంట్లో చెప్పడానికి సిగ్గుపడి ర్యాలీ దాకా తీసుకెళ్లే పిల్లలు ఉన్నారు. నాన్నలూ, మీరే అడగండి.

ఇక పచ్చబొట్టు. తిరుపతిలో పెరిగిన కుర్రాడి చేతి మీద నామాలో, గోవిందుడి పేరో ఉండటం మామూలే. మోచేతి లోపలి మడత నుంచి మణికట్టు దాకా లోపలివైపు, అరచేతి వెనకవైపు ఉన్న చిన్న మతపరమైన గుర్తులకో, పేర్లకో అనుమతి ఉంటుంది. భుజం మీద, మెడ మీద, ఛాతీ మీద ఉంటే ఇబ్బందే. గిరిజన సంప్రదాయ పచ్చబొట్లకు మినహాయింపు ఉంది. ఇంకా వేయించుకోకపోతే రిజల్ట్ వచ్చేదాకా ఆగండి, స్వామి ఏమీ అనుకోడు.

5. 1600 మీటర్లు చెప్పే నిజం

ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు 5 నిమిషాల 30 సెకన్లలో పూర్తిచేస్తే పూర్తి 60 మార్కులు. ఆ తర్వాత ఆలస్యమయ్యే కొద్దీ మార్కులు తగ్గుతాయి. పుల్ అప్స్ పది తీస్తే 40, ఆరు తీస్తే 16. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడం, జిగ్‌జాగ్ బ్యాలెన్స్ పాసైతే చాలు.

400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు, రౌండుకు 82 సెకన్లు. మొదటి రోజు ఎంతలో వచ్చిందన్నది పట్టించుకోకండి. ఏడు నిమిషాలు పట్టినవాడు కూడా కొన్ని నెలల క్రమమైన సాధనతో ఐదున్నరకు వస్తాడు. మీ గురించి మీకు తెలియాల్సింది వేరే ఉంది: ఎవరూ లేపకుండా, చూసేవాళ్లు లేకుండా, మూడు నెలలు వారానికి ఐదు రోజులు వెళ్లగలిగారా? సైనిక జీవితం మీకు పడుతుందా లేదా అన్నదానికి ఇంతకన్నా చవకైన పరీక్ష ఇంకోటి లేదు. వేరేవాళ్లు లేపితేనే లేచేవాళ్లకు ట్రైనింగ్ సెంటర్ నరకంలా ఉంటుంది.

తారు రోడ్డు మీద రోజూ పరిగెత్తి పిక్కల ముందు ఎముక నొప్పి తెచ్చుకోకండి, మట్టి ట్రాక్ వెతుక్కోండి. చిత్తూరులో మెసానికల్ గ్రౌండ్, తిరుపతిలో యూనివర్సిటీ స్టేడియం ఉన్నాయి. ఎండాకాలంలో ఆరు లోపే ముగించాలి. అలిపిరి 3,550 మెట్లు ఆగకుండా ఎక్కేశాను కాబట్టి స్టామినా ఉందనుకునేవాళ్లు ఎక్కువ మన ఊళ్లో. మెట్లు ఎక్కడం కాళ్లకు మంచిదే, పుణ్యం కూడానూ. ట్రాక్ మీద వేగం మాత్రం ట్రాక్ మీదే వస్తుంది.

ఇదంతా రాతపరీక్ష తర్వాతి సంగతి. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ కామన్ ఎంట్రన్స్ పెట్టి, అందులో వచ్చినవాళ్లనే ర్యాలీకి పిలుస్తున్నారు. జీడీకి గంటలో 50 ప్రశ్నలు, ఒక్కో ప్రశ్నకు రెండు మార్కులు, తప్పుకు అర మార్కు కోత. పదిలో మొత్తం మీద 45 శాతం, ప్రతి సబ్జెక్టులో 33 ఉండాలి. తెలుగులోనూ పరీక్ష రాయొచ్చు. కాళ్లున్నాయి కదా అని లెక్కలు వదిలేసినవాడు గ్రౌండ్ దాకా రాడు.

6. ఆఫీసర్ దారిని చూడకుండా నిర్ణయం తీసుకోకండి

మన జిల్లాల్లో నన్ను బాధపెట్టేది ఇదే. ఇంటర్‌లో 90 శాతం తెచ్చుకున్న పిల్లవాడు కూడా 'ఆర్మీ' అనగానే అగ్నివీర్ ఒక్కటే అనుకుంటాడు. ఆఫీసర్ ఉద్యోగం ఎవరో ఢిల్లీ వాళ్ల పిల్లలకని ఇంట్లో కూడా తీర్మానించేస్తారు. షరతులు చూస్తే ఈ రెండింటికీ పోలికే లేదు. ఏడో వేతన సంఘం ప్రకారం లెఫ్టినెంట్ మూల వేతనం రూ.56,100, మిలిటరీ సర్వీస్ పే 15,500, దానిపై డీఏ, ఇతర అలవెన్సులు. పర్మనెంట్ కమిషన్ (రిటైర్మెంట్ దాకా ఉండే ఆఫీసర్ ఉద్యోగం) అయితే పెన్షన్ కూడా.

ఎన్డీఏకి వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నర. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే రాయొచ్చు, ఏటా రెండుసార్లు జరుగుతుంది. మ్యాథ్స్‌కి 300, జనరల్ ఎబిలిటీకి 600, ఆ పైన ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకి 900 మార్కులు. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపైనా ఫర్వాలేదు, నేవీ, ఎయిర్‌ఫోర్స్‌కైతే మ్యాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ కావాలి. ఆర్ట్స్ గ్రూపు వాళ్లైనా లెక్కల పేపర్ మాత్రం తప్పదు. డిగ్రీ అయ్యాక సీడీఎస్ ఉంది. దీని ద్వారా వెళ్లే సంస్థల్లో రెండు మనకు దగ్గర్లోనే ఉన్నాయి: చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, హైదరాబాద్ దుండిగల్‌లోని ఎయిర్‌ఫోర్స్ అకాడమీ. షార్ట్ సర్వీస్‌లో (పరిమిత కాలపు ఆఫీసర్ ఉద్యోగంలో) పదేళ్లు, కావాలంటే ఇంకో నాలుగేళ్లు పొడిగించుకోవచ్చు. ఇంటర్ ఎంపీసీలో 60 శాతం, జేఈఈ మెయిన్ స్కోరు ఉంటే టెక్నికల్ ఎంట్రీ ఉంది, దానికి వేరే రాతపరీక్ష లేదు.

కాలేజీలో చేరబోయేవాళ్లు ఎన్‌సీసీ ఉన్న కాలేజీ చూసుకోండి. తిరుపతిలో ఎన్‌సీసీ గ్రూప్ హెడ్‌క్వార్టర్సే ఉంది. 'సీ' సర్టిఫికెట్‌లో కనీసం బీ గ్రేడ్, డిగ్రీలో 50 శాతం ఉంటే ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అందులో రాతపరీక్ష ఉండదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్ఎస్‌బీకే పిలుస్తారు. అగ్నివీర్‌కి కూడా ఎన్‌సీసీకి బోనస్ మార్కులు ఉన్నాయి. పరేడ్ రోజు ఇచ్చే టిఫిన్ కోసం చేరినా సరే, చేరండి.

ఎస్ఎస్‌బీ ఐదు రోజుల వ్యవహారం. మనకు దగ్గర్లో ఆర్మీకి బెంగళూరు, ఎయిర్‌ఫోర్స్‌కి మైసూరు సెంటర్లు ఉన్నాయి. మొదటి రోజే ఒక బొమ్మ చూపించి కథ రాయమంటారు, దాన్ని గుంపులో చర్చించమంటారు. అక్కడ ఆగిపోయినవాళ్లు ఆ రోజే బస్సెక్కుతారు. మిగతావాళ్లకు సైకాలజీ పరీక్షలు, గ్రౌండ్ టాస్కులు, ఇంటర్వ్యూ. మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇంగ్లిష్‌లో కాదు, నలుగురిలో నోరు తెరవడంలో. ఏ ఊళ్లో ఉన్నా దీనికి ఖర్చులేని సాధన ఉంది: రోజూ పేపర్ చదివి నలుగురు స్నేహితుల మధ్య పది నిమిషాలు వాదించడం. తెలుగులో మొదలుపెట్టినా సరే.

ఇంకా చిన్న పిల్లలుంటే కలికిరి సైనిక్ స్కూల్ గుర్తుంచుకోండి. ఆరు, తొమ్మిది తరగతుల్లో ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆడపిల్లలకు 2022 నుంచి ఎన్డీఏ తలుపులు తెరుచుకున్నాయి, 17 మందితో మొదటి మహిళా బ్యాచ్ 2025 మేలో పాసవుట్ అయింది. అగ్నివీర్‌గా మిలిటరీ పోలీసు విభాగంలో, నీట్ ద్వారా మిలిటరీ నర్సింగ్‌లో కూడా దారులున్నాయి.

నా సలహా ఒక వరసలో ఉంటుంది. పంతొమ్మిదిన్నర దాటనివాళ్లు, లెక్కలంటే భయం లేనివాళ్లు ముందు ఎన్డీఏ రాయండి. డిగ్రీ దాకా ఇంట్లో ఆగగలిగితే ఎన్‌సీసీ, సీడీఎస్. ఇంటి పరిస్థితి ఆగనివ్వకపోతే, ఇప్పుడే జీతం కావాలంటే అగ్నివీర్, దాంతోపాటే ఎస్ఎస్‌సీ జీడీ కూడా. ఇంటి కష్టం కోసం అగ్నివీర్‌కి వెళ్లడంలో చిన్నతనం ఏమీ లేదు.

7. ప్రాణం గురించి ఇంట్లో మాట్లాడండి

ఈ మాట అమ్మ ముందు ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు. అయినా తప్పదు. 2021 డిసెంబర్ 8న కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలినప్పుడు చనిపోయినవాళ్లలో లాన్స్ నాయక్ సాయితేజ మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కురబలకోట మండలం ఎగువరేగడ వాసి. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చిన మురళీ నాయక్ శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలం నుంచి వెళ్లిన అగ్నివీర్. పేపర్లో చదివే మాటలు కావివి, పక్క మండలాల సంగతులు.

అగ్నివీర్లకు రూ.48 లక్షల బీమా ఉంటుంది, ప్రీమియం కట్టక్కర్లేదు. విధుల కారణంగా చనిపోతే ఇంకో 44 లక్షల ఎక్స్‌గ్రేషియా, మిగిలిన సర్వీసు కాలానికి జీతం, సేవా నిధి ఇస్తారు. రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ మాత్రం అగ్నివీర్ కుటుంబానికి లేదు. వైకల్యం వస్తే దాని శాతాన్ని బట్టి 44, 25 లేదా 15 లక్షలు. ఈ అంకెలు అమ్మానాన్నలకు తెలిసి ఉండాలి. నామినీ పేరు ఎవరిది రాస్తున్నారో కూడా.

ప్రమాదం సంగతి అలా ఉంచితే, రోజూ బాధించేది దూరం. రేణిగుంటలో రైలెక్కితే జమ్మూ చేరడానికి రెండు రోజులకు పైనే. గంగమ్మ జాతరకు, సంక్రాంతికి సెలవు దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. నాన్నకు ఒంట్లో బాగోలేదని తెలిసిన రోజున సిగ్నల్ లేని చోట ఉండొచ్చు. ఒక్కడే కొడుకు, పొలం చూసేవాళ్లు లేరు, ఇంట్లో మంచానపడ్డ పెద్దవాళ్లున్నారు అంటే ఆ నాలుగేళ్లు ఎవరు ఏం చూసుకుంటారో పేరుపేరునా తేల్చుకున్నాకే వెళ్లాలి. 'ఎట్లో ఒకట్ల అవుతుందిలే' అన్న ఇంటి నుంచే ఆరో నెలలో ఫోన్లు మొదలవుతాయి.

సంగటి లేని తిండి, రాని హిందీ: ఈ రెండూ మూడు నెలల్లో అలవాటైపోతాయి. వాటి గురించి ఎక్కువ ఆలోచించకండి.

8. ఇద్దరిని కలవండి

ఒకరు ఇప్పుడు సర్వీసులో ఉన్నవారు, 2022 తర్వాత చేరినవారైతే మేలు. ఇంకొకరు బయటికొచ్చి ఏదో ఉద్యోగం చేస్తున్నవారు. 'ఎలా ఉంది అన్నా' అని అడిగితే 'సూపర్ తమ్ముడూ' అంటారు, అంతే. అలా కాకుండా చిన్న ప్రశ్నలు అడగండి: నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా ఏం చేశావు? చివరిసారి ఇంటికి ఎప్పుడొచ్చావు? సెలవు అడిగితే ఎన్నిసార్లు ఇవ్వలేదు? నీ సెక్షన్‌లో ఎవరు వెళ్లిపోవాలనుకుంటున్నారు, ఎందుకు? నీ తమ్ముణ్ణి పంపుతావా? ఆఖరి ప్రశ్నకు జవాబు చెప్పే ముందు ఎంతసేపు ఆగాడో గమనించండి.

తెలిసినవాళ్లు లేకపోతే చిత్తూరులో జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఉంది. మాజీ సైనికులు వచ్చిపోయే చోటు, మాట కలిపితే విసుక్కునేవాళ్లు తక్కువ.

9. కాగితాలు

నిర్ణయం 'అవును' అయితే అదే వారం పదో తరగతి మార్కుల మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. మన ఇంటిపేర్లతో వచ్చే గొడవ ఇక్కడే. మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క ఇనీషియల్ ఉంటుంది. నాన్న పేరు ఒకచోట 'రెడ్డి'తో, ఇంకోచోట లేకుండా ఉంటుంది. పుట్టిన తేదీ స్కూల్లో వేసింది ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. పదో తరగతి మెమోనే ఆధారం కాబట్టి ఆధార్‌ను దానికి తగ్గట్టు మార్పించుకోండి. కులం, నివాస ధ్రువపత్రాలకు సచివాలయంలో దరఖాస్తు చేయండి. సత్ప్రవర్తన, అవివాహిత ధ్రువపత్రాలు నోటిఫికేషన్‌లో ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. పెళ్లయినవాళ్లను అగ్నివీర్‌గా తీసుకోరు.

10. దళారులు, అకాడమీలు

ఆర్మీ భర్తీకి పరీక్ష ఫీజు తప్ప ఎక్కడా ఒక్క రూపాయి కట్టేది ఉండదు. 'లోపల మనవాళ్లున్నారు, మూడు లక్షలిస్తే పని అయిపోతుంది' అనేవాడి దగ్గర మనవాళ్లు ఎవరూ ఉండరు. వాడి లెక్క చాలా తేలిక. పదిమంది దగ్గర తీసుకుంటాడు, సొంతంగా పాసైన ఇద్దరి డబ్బు ఉంచుకుంటాడు, మిగతావాళ్లకు 'వచ్చే ర్యాలీలో చూద్దాం' అంటాడు.

అకాడమీల్లో మంచివీ ఉన్నాయి. చేరే ముందు అక్కడి హాస్టల్లో ఒక పూట భోజనం చేయండి, పాత విద్యార్థులతో విడిగా మాట్లాడండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామనే చోట చేరకండి. ఉద్యోగం గ్యారంటీ అనే చోట అసలే వద్దు. గ్రౌండ్, పాత ప్రశ్నపత్రాలు, తోడుగా నలుగురు స్నేహితులు ఉంటే అకాడమీ లేకుండానే నెగ్గుకొచ్చినవాళ్లు మన దగ్గర తక్కువేమీ లేరు.

11. గడువు పెట్టుకుని దిగండి

తిరుపతి, చిత్తూరు జిల్లాలు గుంటూరు ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి. గత కొన్నేళ్లుగా అగ్నివీర్ రిజిస్ట్రేషన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో మొదలవుతోంది. జాయిన్ ఇండియన్ ఆర్మీ అధికారిక వెబ్‌సైట్‌లోనే చూడండి, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌లలో తేదీలు పాతవి ఉంటాయి. పథకం మొదలైనప్పుడు వయసు పదిహేడున్నర నుంచి 21 అన్నారు. మీరు దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లో 'ఈ తేదీల మధ్య పుట్టినవారు' అని ఉండే వాక్యమే ఫైనల్.

వయసు ఎంతవరకు అనుమతిస్తే అంతవరకు ప్రయత్నిస్తూ పోవడం మన పిల్లలు చేసే పని. ఆ లోగా డిగ్రీ ఆగిపోతుంది, వయసు దాటాక చేతిలో ఇంటర్ ఒక్కటే మిగులుతుంది. నేనైతే రెండు నోటిఫికేషన్లు చాలంటాను. ఆ రెండేళ్లూ డిగ్రీ అడ్మిషన్ వదలకుండా పెట్టుకోండి, పొద్దున గ్రౌండ్, పగలు కాలేజీ. ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో చదువుతూ రోజూ ట్రాక్ మీదికి వచ్చేవాళ్లు ఉన్నారు, కష్టమే గానీ కుదురుతుంది. రెండోసారీ రాకపోతే ఎస్ఎస్‌సీ జీడీ, రాష్ట్ర పోలీసు నోటిఫికేషన్ల వైపు తిరగండి. ఎస్ఎస్‌సీ జీడీకి ఎత్తు 170 సెంటీమీటర్లు, 24 నిమిషాల్లో ఐదు కిలోమీటర్లు. ఆర్మీ కోసం సాధించిన వేగం పనికొస్తుంది గానీ, దూరం కోసం ఇంకో రెండు మూడు నెలలు విడిగా పరిగెత్తాలి.